సప్తమనాళ బుద్బుదవధ

ఆకారము లేకయే సమస్తాకారములను తాకునట్టియు, బరువు లేనట్లు కనబడియు మహావిమానముల బరువు మోయునట్టియు, కానరాకుండుటయే స్వభావముగా గలిగినట్టియు ఓ గాలీ! నిన్ను తలంచి ఈ కథ మొదలిడుచున్నాను. ఇది నిన్ను కొలువబూనినవారి కథ. నీలో పెసరగింజంత తునక యొకటి చేరరాని చోట చేరి ఇరువదిరెండేండ్లు నిష్కంటకముగా రాజ్యమేలిన కథ. దానిని ఒక విద్యార్థిని భోజన విరామములో పదవీచ్యుతమును గావించిన కథ. తీరికగలవారు వినుడు, ఏనాడైనను ల్యాబు రికార్డు వ్రాసినవారు మరింత శ్రద్ధగా వినుడు.

అది ఆరవ సెమిస్టరు అవసానకాలము. స్థలము ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయమునందలి విమానశాస్త్ర శాఖ. పెచ్చులూడిన గోడలును, మూడు కాళ్లపై నిలిచి నాలుగవదానిని మరచిన బల్లలును గల ఆ శాఖ ముంగిట ఇంజను లేని వృద్ధవిమానమొకటి నిలిచియుండును. దాని కడుపున పావురములు కాపురముండును. ఆ ప్రాంగణమున నిజముగా ఎగురు విద్య నేర్చినవి అవియే.

లోపల, నేల అంతస్తున, గది పొడవెల్ల ఆక్రమించి విండ్ టన్నెల్ అను మహాయంత్రము శయనించియుండెను. దాని నోట ఏనుగు పట్టును. గొంతున మాత్రము మూరెడు రెక్క యొకటియే పట్టును. ఆ రెక్క వీపున సూదిమొన పట్టునంతటి రంధ్రములు పదునారు. ఒక్కొక్క రంధ్రమునుండి ఒక్కొక్క సన్నని గొట్టము బయలువెడలి, వాలుగా నిలిపిన పలకమీది పదునారు గాజుగొట్టముల తలలకు చేరును. ఆ గాజుగొట్టములందు ఎర్రరంగు నీరు నిండియుండును. గాలి వీచినపుడు రెక్కపై ఎచ్చట ఎంత పీల్పు గలదో, అచ్చటి గొట్టమున నీరు అంత ఎత్తు లేచును. చూచి వ్రాసికొనుటయే విద్యార్థి ధర్మము.

అయితే ఆ ధర్మమునకు ఒక అడ్డంకి గలదు. ఆ యంత్రపు మోటారు మహాతిండిపోతు. ప్రక్కనున్న వర్క్‌షాపులో లేతు మిషన్లు తిరుగుచుండగా దీనిని కదిపినచో భవనమునందు కరెంటు సాంతము పోవును. కావున పూర్వమెన్నడో ఒక సంధి కుదిరినది: వర్క్‌షాపువారు భోజనమునకు లేచు ఒంటిగంట మొదలు రెండు గంటలవరకే విండ్ టన్నెల్ తిరుగవలెను. దినమునకు ఆ ఒక్క గంటలోనే, నలువదిమంది విద్యార్థులును వంతులవారీగా ఇద్దరిద్దరుగా వచ్చి, జంటకు పది నిమిషములు చూచి పరుగెత్తవలెను. ఇట్టి తొందరలో మోటారు తిరుగకమునుపు పలకవంక చూచు తీరిక ఎవరికుండును? పట్టికలో ‘గాలి లేనప్పుడు’ అను మొదటి వరుసను అందరును ఇంటివద్దనే నింపిరి. గాలి లేనపుడు పదునారును సమానమే కదా! అది చూడనక్కరలేని సత్యము. చూడనక్కరలేని సత్యములంతటి ఆయుర్దాయము లోకమున మరి దేనికిని లేదు.

ఇక ఆ శాఖయొక్క కీర్తి ఒక గుంటమీద నిలిచియుండెను. గాలి వీచినపుడు ఏడవ గొట్టమున నీరు ఇరుగుపొరుగు గొట్టములకన్న వ్రేలెడు తక్కువగా లేచును. గ్రాఫు గీచినచో ఏడవ అంకెవద్ద గుంట పడును. ‘గాలి ఇచ్చట రెక్కను విడిచి, మరల వచ్చి అంటుకొనును, అందువలన ఈ గుంట’ అని అన్నలు వ్రాసిరి, అక్కలు వ్రాసిరి. వారి రికార్డులనుండి తమ్ములును చెల్లెండ్రును వ్రాసిరి. శాఖాధిపతి సంతకము పెట్టకమునుపు అడుగు ప్రశ్న ఒక్కటే: “గుంట కనబడిందా?”

మన కథానాయికను సహాధ్యాయులు పిచ్చుక అని పిలుతురు. నడువవలసినచోట గెంతును గనుక. గతమాసమున జరిగిన మౌఖికపరీక్షలో ఆమె ఆ గుంటను గూర్చి ఎంత మనోహరముగా వివరించెననగా, శాఖాధిపతి కన్నులు మూసికొని విని పదికి పది వేసెను. ఆ పది ఆమెకు అరుగలేదు. చూడని దానిని చూచినట్లు చెప్పితిని. అబద్ధమాడితినని అప్పుడు తోచనైనలేదు. ఆ తోచకపోవుటయే ఆమెను ఎక్కువగా బాధించెను.

జ్వరమువలన ఆమె వంతు వాయిదాపడి, చిట్టచివరి దినమున మిగిలెను. సాయంకాలము నాలుగు గంటలలోపల రికార్డుపై సంతకము పడవలెను. పడనిచో హాల్ టికెట్ లేదు. హాల్ టికెట్ లేనిచో సంవత్సరమంతయు గాలిలో కలియును.

అట్టి దినమున, మధ్యాహ్నము పన్నెండు గంటల నలువది నిమిషములకు, పరాక్రమభూషణ, త్రివారసంధితసంచీధారిణి, కాలిక్యులేటర్ కరకమలయగు పిచ్చుక ల్యాబు ద్వారమున ప్రవేశించెను. వెంట ఆమె జంటవాడు, నకలువిద్యావిశారదుడు, జిరాక్స్ అను బిరుదు గలవాడు, ఇస్త్రీ చెడని తెల్లచొక్కాతో వచ్చెను. లోపల ల్యాబు టెక్నీషియను, అందరును బాబాయ్ అని పిలుచు పెద్దాయన, పలకప్రక్కన కూర్చుండి క్యారియరు విప్పి తినుచుండెను.

పిచ్చుక పలకవంక చూచెను. చూచి నిలిచిపోయెను.

“బాబాయ్, మోటారు ఆన్ చేశావా?”

“ఒంటిగంట కాకుండా ఎలా చేస్తానమ్మా? చేస్తే వర్క్‌షాపు మేస్త్రి నా తాట తీస్తాడు.”

“మరి ఏడోది కిందకుందేంటి?”

“ఏడోది ఎప్పుడూ అంతే కదా.”

“గాలి ఉన్నప్పుడు కదా అంతే?”

బాబాయ్ నోటిలోని ముద్ద నోటిలోనే నిలిచెను. గాలి చేసిన పని యని తలచినది గాలి లేనప్పుడును ఉండినయెడల, అది గాలి చేసినది కాదు. ఇంతకుమించిన తర్కము ఈ కథలో లేదు. ఇంతమాత్రపు తర్కమునకు ఇరువదిరెండేండ్లు పట్టినది.

జిరాక్స్ మాత్రము చలింపలేదు. “ఏయ్ పిచ్చుకా, అటు చూడకు. చూస్తే లేనిపోని తలనొప్పి. నీక్కావాల్సింది సంతకం. సంతకానికి కావాల్సింది గుంట. గుంట నా దగ్గరుంది, నిన్ననే గీసేశా.”

“రీడింగులు తీసుకోకుండానా?”

“తీసుకుంటే మాత్రం మారుతుందా? మా రూములో నాలుగు బ్యాచ్‌ల రికార్డులున్నాయి. నాలుగింట్లోనూ ఒకటే గుంట. దానికి మనకన్నా సీనియారిటీ ఎక్కువ.”

ఆ మాటను చెవిన బెట్టక పిచ్చుక పలక వెనుకకు దూరెను. సాలెగూళ్లను ఛేదించి, ధూళిసముద్రమును మోకాళ్లతో దాటి, ఏడవ గాజుగొట్టముయొక్క మూలమును వెదకెను. అచ్చట, నీటితొట్టినుండి గాజునకు పోవు ప్లాస్టిక్కు గొట్టము తిన్నగా పోక, తుప్పుపట్టిన ఇనుపక్లిప్పు క్రింద మెలికతిరిగి గూనివీపువలె ఉబ్బియుండెను. ఆ గూని శిఖరమున, పసుపువారిన ప్లాస్టిక్కు గోడల నడుమ, ఎర్రని నీటిని రెండుగా చీల్చి, నిశ్చలమై, నిర్భయమై, సింహాసనారూఢుడైన చక్రవర్తివలె వెలయుచుండెను ఒక గాలిబుడగ.

“బాబాయ్! బుడగ!”

బాబాయ్ వంగి చూచెను. తుప్పుపట్టిన క్లిప్పును వ్రేలితో తాకెను. “ఆ క్లిప్పు నేనే పెట్టానే తల్లీ. గొట్టం పొడుగైంది. కోస్తే మళ్లీ పొట్టిదైపోతుందేమోనని మడతపెట్టి బిగించా. ఉద్యోగంలో చేరిన కొత్తలో.”

“ఏం పర్లేదు బాబాయ్. తీసేద్దాం.”

“ఇన్నాళ్లూ దాని పక్కనే కూచుని అన్నం తిన్నా.”

గంట ఒకటి కొట్టెను. ప్రక్కన లేతు మిషన్లు నిలిచెను. యుద్ధమునకు ముహూర్తమాయెను.

మొదట రంగమున దిగినది జిరాక్స్. బుడగ పోవువరకు పిచ్చుక కదలదని తెలిసికొని, తన సంతకము ఆమె సంతకముతోనే ముడిపడియుండుట జ్ఞాపకము చేసికొని, అతడు చొక్కాచేతులు మడిచెను. “ఇంత దానికి ఇంత హడావిడా? ఒక్క ఊపు ఊదితే పోతుంది.” అని గాజుగొట్టము తలనున్న గొట్టమును ఊడబీకి, పెదవులు చేర్చి, ప్రళయకాల ఝంఝామారుతమునకు తీసిపోని ఊపిరితో ఊదెను. ఎర్రనీరు గొట్టము వెంట అడుగునకు పారిపోయెను. ఊపిరి యయిపోయిన మరుక్షణమున, ఓడినట్లు నటించి వెనుదిరిగిన సైన్యమువలె రెట్టించిన వేగముతో పైకి లేచి వీరుని నోటిని నింపెను.

“థూ! థూ! బాబాయ్, ఇందులో ఏం కలిపావ్?”

“రంగు. విషం కాదులే. రెండు రోజుల్లో పోతుంది.”

“ఏది, విషమా?”

“ఎరుపు.”

తెల్లచొక్కా యుద్ధభూమి వర్ణమును దాల్చెను. పిచ్చుక గొట్టమువంక చూచి తల పట్టుకొనెను. బుడగ చావలేదు, రెండాయెను.

అంతట బాబాయ్ పలకను పిడికిట గ్రుద్దెను. మిగిలిన పదునైదు గొట్టములు గడగడ వణికెను. ఆ రెండు బుడగలు మాత్రము వణుకలేదు. గడియారమున ముల్లు ఇరువదివైపు ప్రాకెను. పిచ్చుక వాటి ఎదుట మోకరిల్లి, మనసులో ఇట్లు గర్జించెను:

‘ఓ క్షుద్రబుద్బుదమా! నీవు శూన్యమునకు కట్టిన పలుచని గోడవు. నీ పరిపాలనలో తొమ్మిదివందలమంది లేని గుంటను కన్నారా చూచితిమని వ్రాసిరి. వారిలో నేనును ఒకతెను. నీపై నాకు పగలేదు. నీవు నీవుగానే ఉంటివి; నిన్ను గాలిచేష్ట యని పొగడినవారము మేము. అయినను తొలగుము! నా కన్నులకును ఉన్నదానికిని నడుమనుండి తొలగుము!’

పైకి మాత్రము ఆమె నోట వెలువడినది ఇంతయే: “పోవే బాబూ, ప్లీజ్.”

బుడగలు వినలేదు. ఫోను మ్రోగెను. పిచ్చుక దానిని స్పీకరుపై బెట్టెను. అవతల తల్లి, ఆసుపత్రి వార్డులో నర్సు, భోజనవేళ కూతురు తిన్నదో లేదో తెలిసికొనక తాను ముద్ద ముట్టనిది.

“తిన్నావా?”

“అమ్మా, తర్వాత చేస్తా. గొట్టంలో గాలిబుడగ ఇరుక్కుంది.”

“ఎవరికి? ఊపిరి బానే తీసుకుంటున్నారా?”

“మనిషి కాదమ్మా, ల్యాబులో నీళ్లగొట్టం.”

“హమ్మయ్య. ప్లాస్టిక్‌దేనా? సన్నదా?” తల్లి గొంతు మారెను. అది కూతురిని తిన్నావా అని అడుగు గొంతు కాదు. వార్డులో పదిమందిని ఒక్కమాటతో నిలబెట్టు గొంతు. “ఊదారా?”

పిచ్చుక జిరాక్స్ వంక చూచెను.

“ఊదారన్నమాట. ఎవరా తెలివైనవాళ్లు?”

“నేనేనాంటీ,” అని జిరాక్స్ ఎర్రనోటితో ఒప్పుకొనెను.

“బాబూ, ఊదితే ఒకటి రెండవుతుంది. రెండయ్యాయా?”

“అయ్యాయాంటీ.”

“ఇంకోసారి ఊదితే నాలుగు. ఇప్పుడు వినండి. ముందు ఆ వంపు తీసేసి గొట్టం నిటారుగా లాగి పట్టుకోండి. పెన్నుందా? కింద నుంచి గొట్టాన్ని పెన్నుకి చుట్టుకుంటూ పైకి రా. మధ్యమధ్యలో వేలి గోటితో టక్కు టక్కుమని కొట్టు. తొందరపడకు. తొందరపడితే జారి వెనక్కి పోతాయి. సెలైన్ గొట్టాల్లో రోజుకి ఇరవైసార్లు చేస్తా.”

“మాకిది సిలబస్‌లో లేదమ్మా.”

“మాకూ లేదు. మొదటిరోజు పక్క నర్సు చూపించింది. అయ్యాక తిను, వింటున్నావా?”

బాబాయ్ స్క్రూడ్రైవరు తెచ్చెను. తన చేత బిగిసిన క్లిప్పును తన చేతనే విప్పవలెనని పట్టుబట్టెను. తుప్పు రాలెను, స్క్రూ మూలిగెను, గూనివీపు నిటారుగా లేచెను. జిరాక్స్ తన పెన్నును సమర్పించి, గొట్టమును రెండు చేతుల లాగి పట్టి నిలిచెను. పిచ్చుక చుట్టనారంభించెను: ఒక చుట్టు, ఒక టక్కు, మరియొక చుట్టు, మరియొక టక్కు. పాదములు పెకలిన ప్రభువులవలె బుడగలు జరిగెను. మొదటిది రెండవదానిని కలిసికొని ఒకటాయెను. ఒకటైనది గాజు ముఖద్వారమున క్షణకాలము తటపటాయించెను.

“లాగు, లాగు, వదలకు!”

“లాగుతూనే ఉన్నా! నువ్వు కొట్టు!”

“అరవకండి,” అని బాబాయ్ గుసగుసలాడెను, నిదురించు పసిబిడ్డ ప్రక్కనున్నట్లు.

బుడగ గాజున ప్రవేశించెను. పదవ గీతను దాటెను, ఇరువదవ గీతను దాటెను; ఎర్రనీటి అంచున ఒక్కసారి వెలుగును పట్టి మెరిసెను. పిమ్మట లేదు. చప్పుడు కాలేదు. ఏడవ గొట్టమున నీరు నెమ్మదిగా లేచి, ఇరుగుపొరుగు గీతకు వచ్చి ఆగెను.

ఒకటి ఏబదిరెండు. ఊడబీకిన గొట్టమును గాజుతలకు తిరిగి తొడిగిరి. పిచ్చుక రికార్డు తెరచి, ‘గాలి లేనప్పుడు’ అను వరుసలో పదునారు అంకెలను కంటితో చూచి వ్రాసెను. పిమ్మట బాబాయ్ మోటారు మీట నొక్కెను. మహాయంత్రము హుంకరించెను. అది స్థిరపడుటకు అయిదు నిమిషములు, పదునారు అంకెలు వ్రాయుటకు మరియైదు. అనగా రెండు దాటును. రెండు గంటలకు ద్వారమున వర్క్‌షాపు మేస్త్రి నిలిచియుండెను.

“రెండైంది. ఆపండి. ఒప్పందం ఒప్పందమే.”

“మాస్టారూ, అయిదు నిమిషాలు!”

“ప్రతి బ్యాచూ అయిదు నిమిషాలే అంటుంది. నేను లేతు ఆన్ చేస్తే మీదీ పోతుంది, నాదీ పోతుంది. ఆ తర్వాత మీ ఇష్టం.”

“బుడగ తీసేశాం మాస్టారూ, ఈ ఒక్క రీడింగూ...”

“ఏం బుడగ?”

“ఏడో నంబర్ది,” అని బాబాయ్ తలవంచుకొని చెప్పెను. “నీ రెక్కది కాదు తప్పు. నా క్లిప్పుది.”

మేస్త్రి కన్నులు టన్నెల్ గొంతువైపు తిరిగెను. ఏలయనగా, టన్నెల్ గొంతునందలి ఆ రెక్కను స్వహస్తములతో చెక్కి, గరుకుకాగితముతో వారముదినములు రుద్ది, అద్దమువలె నునుపు చేసినవాడు అతడే. గుంట కనబడిన నాటినుండి, ‘గాలి ఊరకే విడిచిపోదు, చెక్కడములోనే ఏదో మిట్టపల్లము ఉండవలె’ననిన మాట కారిడారులలో తిరుగుచునేయుండెను.

“ఇరవై రెండేళ్లు,” అని అతడు మెల్లగా అనెను. “నా రెక్కమీద చెయ్యేసి చూసినవాళ్లే గానీ...” తలుపునకు ఆనుకొని చేతులు కట్టుకొనెను. “అయిదు కాదు, పది తీసుకోండి. నేనిక్కడే ఉంటా, ఎవడు స్విచ్ వేస్తాడో చూస్తా.”

పదునారు గొట్టములందు ఎర్రనీరు లేచెను. తెరచాప అంచువలె, ఎచ్చటను తెగక, ఎచ్చటను కుంగక, ఒకే వంపు. పిచ్చుక చదివెను, జిరాక్స్ జీవితమున మొదటిసారి, ఎదుట ఉన్నదానిని చూచి వ్రాసెను.

మూడుగంటల నలువది నిమిషములకు వారిద్దరును శాఖాధిపతి గదిలో నిలిచిరి. ఆయన గ్రాఫు తెరచెను, కళ్లద్దములు సవరించెను, ఏడవ అంకెపై వ్రేలుంచెను.

“గుంట ఏది?”

“లేదు సార్.”

“లేదా, చెరిపేశారా?”

“గొట్టంలో బుడగ ఉంది సార్. తీసేశాం. గుంట కూడా పోయింది.”

“చూడమ్మా, ఈ శాఖలో ఇన్ని బ్యాచ్‌లు చదివాయి. అందరికీ కనిపించింది మీ ఒక్కళ్లకే కనిపించలేదంటే నేను సంతకం ఎలా పెట్టను? నాలుక అలా ఎర్రగా ఉందేంటి బాబూ నీకు?”

“ప్రయోగంలో భాగం సార్,” అని జిరాక్స్ నోరు మూసికొనెను.

పిచ్చుక తల యెత్తి చూచెను. గోడ గడియారము నాలుగునకు పదునైదు నిమిషములు తక్కువగా నుండెను. సంవత్సరమంతయు ఆ పదునైదు నిమిషములలో కూర్చుండియుండెను. ‘కనబడింది సార్’ అని ఒక్కమాట చాలును. జిరాక్సు సంచిలో నిన్నటి గుంట సిద్ధముగానేయున్నది.

ఆమె ఆ మాట అనలేదు. “గతనెల కనిపించిందన్నాను సార్. అప్పుడు చూడలేదు. ఇప్పుడు చూశాను.”

శాఖాధిపతి విసుగుతో పుట త్రిప్పెను. త్రిప్పిన చేయి ఆగెను. ‘గాలి లేనప్పుడు’ అను వరుస. పదునారు అంకెలు. అందు పదునైదు సమానము.

“ఇదేంటి? పదకొండోది ఒక మిల్లీమీటరు తక్కువుందే?”

“ఉంది సార్. ఎందుకో తెలీదు. ఉన్నట్టే రాశాం.”

ఇంటివద్ద కూర్చుండి వ్రాయువాడు ఎవడును పదునొకండవదానిని ఒక మిల్లీమీటరు తగ్గింపడు. అబద్ధమునకు అంత ఓపిక యుండదు. ఆయన ఈ సంగతి ఎరుగును. లేచి, బీరువా తెరచి, అడుగునుండి ఒక పాత రికార్డు తీసెను. దారములు ఊడిన అట్టమీద ఆయన స్వంతపేరే, విద్యార్థి సంఖ్యతో సహా, ఉండెను. ఆ టన్నెల్‌ను మొట్టమొదట నడిపిన బ్యాచి; మొట్టమొదటి గుంట. ఎవరినుండియు నకలు చేసికొనుటకు వీలులేని కాలపు రికార్డు. మొదటి వరుసలో పదునారు అంకెలును, కవాతునకు నిలిచినట్లు, సమానముగా నుండెను.

ఆయన ఆ వరుసపై వ్రేలు నడిపెను.

“ఈ వరుస నేను చూసి రాయలేదు,” అని తుదకు పలికెను, వారితో కాదు. “టైము లేదు. ఎలాగూ సమానమే ఉంటాయి కదా అనుకున్నా.” కుర్చీలో చేరగిలబడెను. “ఎంతుంది బుడగ?”

పిచ్చుక చిటికెనవ్రేలి గోరును చూపెను. “ఇందులో సగం సార్. పెసరగింజంత.”

“దేంతో తీశారు?”

“పెన్నుతో సార్. మా అమ్మ చెప్పింది. పెద్దాసుపత్రిలో నర్సు.”

“నర్సింగ్ పాఠాలు చెప్తారా?”

“వార్డులో సార్.”

శాఖాధిపతి పెన్ను తీసి ఇద్దరి రికార్డులపైనను సంతకము చేసెను. తేదీ వేసెను. తిరిగి ఇయ్యబోయి, మరల వెనుకకు తీసికొని చివరి పుట తెరచెను. అచ్చట ఆధారగ్రంథముల జాబితాలో అచ్చు పుస్తకములు నాలుగు వరుసగా నుండెను.

“అయిదోది రాయి.”

“ఏ పుస్తకం సార్?”

“పుస్తకం కాదు. మీ అమ్మగారి పేరు, వార్డు నంబరు. పక్కన ‘ఫోను సంభాషణ’ అని రాయి. ఏ టైముకో కూడా వెయ్యి.”

గడియారము మూడు ఏబదియారు చూపుచుండెను. పిచ్చుక వ్రాసెను. కావున ఓ శ్రోతలారా, దిక్కులు పిక్కటిల్ల చాటుడు: విమానము లేవలేదు, మబ్బు చీలలేదు, పావురములు సైతము తల త్రిప్పి చూడలేదు, కాని ఆ దినమున, ఇరువదిరెండేండ్లకు మొదటిసారి, ఆరవ గొట్టమునకును ఎనిమిదవ గొట్టమునకును నడుమ, సరిగా తానుండవలసిన ఎత్తున, ఏడవ గొట్టము నిలిచెను!